పన్నెండు చాలన్నాను కదా

వెస్ట్‌బీ, విస్కాన్సిన్
సెప్టెంబర్ 21, 1992

వెర్లాకి,

ఉత్తరం చూసి ఎవరికేమైందోనని గుండెలు బాదుకోకు. మీ బావ మోకాలు తప్ప ఇక్కడ అన్నీ బాగానే ఉన్నాయి. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావేమో. ఫోన్లో మనిద్దరం ఒకేసారి మాట్లాడతాం, ఆఖరికి ఎవరో ఒకరు టక్కున పెట్టేస్తాం. పోయిన ఈస్టర్‌కి పెట్టేసింది నువ్వు. సరే, ఆ గొడవ ఇప్పుడొద్దు.

నీతో పని పడింది. మొన్న మన చర్చిలో అమ్మకానికి థోరా స్కోగెన్ ఒక రన్నర్ తెచ్చింది, బల్ల మధ్యలో పొడుగ్గా పరుస్తామే, అలాంటిది. మామూలు బొంతకుట్టు కాదు. అన్నీ గుండ్రటి గుడ్డ బిళ్ళలు. వాటి అంచులు పైకి మడిచి కుట్టేసరికి ఒక్కో బిళ్ళా నాలుగు రెక్కల పువ్వులా వచ్చింది. నేను చెయ్యి చాపేలోపే పాస్టరు భార్య ఎత్తుకుపోయింది. ఇంకోటి కుట్టిపెట్టమని థోరాని అడిగితే, సంతలో కుట్టుపోటీకి ఏటా బహుమతి కొట్టే చెల్లెలుండగా నన్నడుగుతావేం అంది. పౌరుషం వచ్చి నేనే మొదలుపెట్టాను. నాలుగు బిళ్ళలయ్యాయి. ఒక్కటీ గుండ్రంగా లేదు. మీ బావ వాటిని కాఫీ కప్పుల కింద పెట్టుకుంటున్నాడు.

అందుకని, క్రిస్మస్‌కి అమ్మ భోజనాల బల్ల మీద వెయ్యడానికి నువ్వే కుట్టి పంపాలి. ఎరుపు, ఆకుపచ్చ గుడ్డ నేను పంపుతాను. రెండు వరసలు, వరసకి పన్నెండు, అంటే పన్నెండు జతలు. అయిదడుగుల బల్లకి పన్నెండు జతలైతే రెండు కొసల్లోనూ అరడుగు చొప్పున వేలాడుతుందని థోరా లెక్క చెప్పింది. పన్నెండు చాలు. బిళ్ళ కొలతకి ఇంట్లో పళ్ళెం పెట్టి గీసిన కాగితం ఇందులో ఉంది.

క్రిస్మస్‌కి ఇక్కడ ఎప్పటి మామూలే, నీకు తెలుసుగా.

మీ అక్క
ఆర్డిస్


జేమ్స్‌టౌన్, నార్త్ డకోటా
అక్టోబర్ 1

అక్కకి,

నీ కాగితం అందింది. అది పళ్ళెం పెట్టి గీసిందా, కోడిగుడ్డు పెట్టి గీసిందా? దాన్ని బట్టి కత్తిరిస్తే నాలుగు రెక్కలూ నాలుగు దిక్కులకి పోతాయి. నా దగ్గర తొమ్మిదంగుళాల అచ్చు ఉంది, దాంతో కత్తిరిస్తాను.

కుడతాను. నువ్వు అడిగావని కాదు, అమ్మ బల్ల కాబట్టి. కానీ పని అంత తేలిక కాదు. ఒక్కో బిళ్ళకి రెండు గుడ్డలు, మధ్యలో పల్చటి దూది పొర. చుట్టూ కుట్టి, వెనక చిన్న గాటు పెట్టి, అందులోంచి తిరగేసి, ఇస్త్రీ చేసి, అప్పుడు ఒకదానికొకటి కలిపి రెక్కలు మడిచి కుట్టాలి. గుడ్డలు ఉతికి పంపు. ఎరుపైతే రెండుసార్లు ఉతుకు. ఉతక్కుండా పంపితే ఆ పాపం నీదే.

థోరా చెప్పిందని నాకు బల్ల కొలతలు రాస్తావేమిటి? ఆ బల్ల దగ్గర పంతొమ్మిదేళ్ళు తిన్నాను. దాని పొడుగు నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

క్రిస్మస్‌కి మామూలే అని రాశావు. మీ మామూలు ఎలా ఉంటుందో నేను చూసి ఎనిమిదేళ్ళయింది. నాకేం తెలుస్తుంది?

బావ మోకాలికి వేడి గుడ్డ కాపడం పెట్టమను, మంచు ముక్కలు కాదు.

వెర్లా


వెస్ట్‌బీ
అక్టోబర్ 12

వెర్లాకి,

గుడ్డలు విడిగా పార్సెల్ చేశాను. ఉతకలేదు. ఉతికితే కొత్త గుడ్డ మెరుపు పోతుంది, ఎవరైనా కొత్త గుడ్డ ఉతుకుతారా?

ఇంకోమాట, అర్జెంటు. నీ అచ్చు తొమ్మిదంగుళాలని రాశావు. కూర్చుని లెక్క కట్టాను. పన్నెండు తొమ్ముళ్ళు నూట ఎనిమిది, అంటే తొమ్మిదడుగులు. అయిదడుగుల బల్ల మీద తొమ్మిదడుగుల రన్నరా? థోరాకి లెక్కలు రావు, బడిలోనూ రాలేదు. ఎనిమిది జతలు చాలు. ఎనిమిది తొమ్ముళ్ళు డెబ్భై రెండు, సరిగ్గా ఆరడుగులు. ఈ సంగతి థోరాకి చెప్పాను. మొహం మాడ్చుకుని వెళ్ళిపోయింది.

ఎనిమిదేళ్ళని ఎత్తిపొడిచావు. తలుపేమైనా గడియ పెట్టామా? రమ్మన్నాం, రానన్నావు. ఇక్కడ ఎవరూ నిన్ను కాదనలేదు.

మీ బావకి మంచుతోనే హాయిగా ఉందట.

ఆర్డిస్


జేమ్స్‌టౌన్
అక్టోబర్ 22

అక్కా,

నీతో వేగలేక చస్తున్నాను.

తొమ్మిదంగుళాల బిళ్ళ తొమ్మిదంగుళాలుగా మిగలదు. చుట్టూ కుట్టుకి అరంగుళం పోతుంది. తర్వాత నాలుగు వైపులా రెక్కలు పైకి మడుస్తాం. మడిచాక మధ్యలో మిగిలే చదరం ఆరంగుళాలే. థోరా లెక్క అక్షరాలా సరైనది. వెళ్ళి ఆవిడకి క్షమాపణ చెప్పు, చేతిలో కేకు పట్టుకుని మరీ వెళ్ళు.

నీ మెరిసే ఎర్ర గుడ్డ సంగతి. మొదటి నీళ్ళకే రక్తం కక్కినట్టు కక్కింది. నాలుగుసార్లు ఉతికాను. నా తెల్ల తువ్వాళ్ళు మూడూ గులాబీ రంగుకి తిరిగాయి. ఇప్పుడు రంగు నిలిచింది, కుదించుకుపోయింది కూడా. నువ్వు పంపిన గుడ్డ ఎరుపూ ఆకుపచ్చా కలిపి పన్నెండు జతలకి బొటాబొటీగా వస్తుంది. ఫరవాలేదు, మిగతా నాలుగు జతలకి నా దగ్గరున్న గుడ్డ వాడతాను. పదహారు జతలు కుడుతున్నాను.

కింది గదిలో రెండు స్టాండ్ల మీద ఒక చెక్క వేసుకున్నాను, కత్తిరించేదంతా దాని మీదే. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. అయినా కుడుతున్నాను, గుర్తుపెట్టుకో.

రమ్మన్నాం అని రాశావు. ఎన్నిసార్లు? రెండు. అమ్మ మనకేం నేర్పింది? ఎవరింట్లోనైనా కాఫీ ఇస్తే మొదటిసారి వద్దనాలి, రెండోసారి ఎందుకులే అనాలి, మూడోసారి పోయించుకోవాలి. మూడోసారి అడగని ఇంటికి నేను ఏ మొహం పెట్టుకుని రాను? పిలవని పేరంటానికి వెళ్ళే అలవాటు నాకు లేదు.

వెర్లా


వెస్ట్‌బీ
నవంబర్ 2

వెర్లాకి,

పదహారా? నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను, పన్నెండని. మధ్యలో ఎనిమిదన్నది నా పొరపాటే, ఒప్పుకున్నాను. థోరాకి కేకు కూడా ఇచ్చాను. పదహారు మాత్రం ఎక్కడిది? పదహారంటే ఎనిమిదడుగులు. రెండు వైపులా అడుగున్నర చొప్పున వేలాడి, కూర్చున్నవాళ్ళ ఒళ్ళో పడుతుంది. ఎవడో గ్రేవీ గిన్నెతో సహా లాగేస్తాడు. నాలుగు తగ్గించు.

నీ మనసులో ఇంకా పాత బల్లే ఉన్నట్టుంది. రెండు సగాలూ విడదీసి మధ్య సందులో రెండడుగుల పలక వేస్తే అది ఏడడుగులయ్యేది, నిజమే. కానీ ఆ పలక పోయి పన్నెండేళ్ళయింది. అమ్మ పోయాక ఇల్లు ఖాళీ చేసినప్పుడు మీ బావ దాన్ని ఎక్కడో పారేశాడు. కొట్టంలో వెతికాను, అటక మీద వెతికాను, వేలంపాట వాడి ఇంటికి కూడా వెళ్ళి అడిగాను. మీ బావేమో నేను చూడలేదు మొర్రో అంటాడు. పండగ వచ్చినప్పుడల్లా తిడతాను, తలొంచుకుని వింటాడు. ఆ పలక ఉంటే పదిమంది కూర్చునే బల్ల, ఇప్పుడు ఆరుగురికి మించి పట్టదు.

ఇక మూడోసారి సంగతి. ఆ లెక్క కాఫీకి, తల్లీ. క్రిస్మస్‌కి కూడానా? ఒక మనిషి రెండుసార్లు రానంటే రాదనే అనుకుంటాం. అంటించిన కవరుకి ఆవిరి పట్టి విప్పినట్టు నీ మనసులో ఏముందో విప్పి చదువుకోవాలా?

పన్నెండు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుని పన్నెండు దగ్గర ఆగు.

ఆర్డిస్


జేమ్స్‌టౌన్
నవంబర్ 12

అక్కకి,

రన్నర్ అయిపోయింది, దీనితోబాటే పంపుతున్నాను. పదహారు జతలు. అమ్మ బల్ల ఏడడుగులు, కొసలకి చెరో అరడుగు, మొత్తం ఎనిమిది. అంతకంటే చెప్పేది లేదు.

నీకు నా మనసు తెలియాలంటే చెబుతాను, ఆవిరి పట్టక్కర్లేదు. ఎనభై నాలుగు క్రిస్మస్. ఆ మార్చిలోనే డ్వేన్ పోయాడు. ఇంట్లో ఒక్కదాన్నీ ఉండలేక అయిదు వందల మైళ్ళు మంచులో కారు నడుపుకుని మీ ఇంటికొచ్చాను. వచ్చాక నన్ను ఎక్కడ కూర్చోబెట్టావు? హాల్లో, టీవీ పక్కన, మడత పేకాట బల్ల దగ్గర, పిల్లలతో. మోకాళ్ళు గడ్డానికి తగిలే కుర్చీ. పిల్లలకిచ్చిన కాగితం పళ్ళెమే నాకూ ఇచ్చావు. అమ్మ బల్ల దగ్గర మొగుళ్ళూ పెళ్ళాలూ కూర్చున్నారు. మొగుడు పోయినదానికి పిల్లల పంక్తిలో చోటు. పాలు ఒలికితే తుడిచాను, మర్నాడు పొద్దున్నే బయల్దేరాను.

ఏడిపించాలని రాయడం లేదు. అడిగావు కాబట్టి రాశాను. రన్నర్ వేసుకోండి, బాగుంటుంది. నేను రాను.

వెర్లా


వెస్ట్‌బీ
నవంబర్ 20

వెర్లా,

నీ ఉత్తరం ఒక పూటంతా ఏప్రన్ జేబులో పెట్టుకుని తిరిగాను. ఇప్పుడు మాట్లాడతాను.

ఆ ఏడు నీతో కలిపి పెద్దవాళ్ళం ఎనిమిదిమందిమి. బల్లకి ఆరుగురే పడతారు. ఒకళ్ళు పిల్లల దగ్గర కూర్చోవాలి, ఒకళ్ళు నిలబడాలి. నిలబడింది నేను. బట్టలుతికే మిషన్ మీద పళ్ళెం పెట్టుకుని తిన్నాను. నువ్వు చూడలేదు, ఎందుకంటే నువ్వు హాల్లో ఉన్నావు. జంటల మధ్యలో కూర్చుంటే నీకు డ్వేన్ గుర్తొచ్చి కష్టంగా ఉంటుందని, పిల్లలకి నువ్వంటే ప్రాణమని, నా బుద్ధికి తోచినట్టు చేశాను. తప్పే అయితే ఆ రోజే మొహం మీద అడిగేయాల్సింది. ఎనిమిదేళ్ళు కడుపులో పెట్టుకుని కూర్చుంటావా? మన ఇంట్లో ఎవరికీ నోరుండదు, ఖర్మ.

రన్నర్ చూశాను. అబద్ధం చెప్పను, అంత అందమైన పని నేను చూడలేదు. రెక్క రెక్కకీ ఒకే కొలత. థోరా భూతద్దం పెట్టి చూసి కుట్టు ఎక్కడ మొదలైందో పట్టుకోలేకపోయింది. కానీ బల్ల మీద వేసి చూస్తే ఏముంది? నేను చెప్పినట్టే అటూ ఇటూ అడుగున్నర వేలాడుతోంది. కుక్క అప్పుడే ఒక కొస నోట్లో పెట్టుకుంది. పైగా మధ్యలో నాలుగు జతలు నీలం గళ్ళేమిటి? క్రిస్మస్‌కి నీలం ఎవరు వేస్తారు? ఆ గుడ్డ ఎక్కడో చూసినట్టుంది, గుర్తు రావడం లేదు.

థోరాతో మాట్లాడాను. ఆ నాలుగు నీలం జతలూ మధ్యలోంచి తీసేసి రెండు ముక్కలూ కలిపితే సరిగ్గా పన్నెండు, రంగు కూడా కుదురుతుంది. నువ్వు నా మీద కోపంతో నాలుగు ఎక్కువ కుట్టావు, నేను ఓపిగ్గా తీయిస్తాను. థాంక్స్‌గివింగ్ పండగ వెళ్ళాక శనివారం థోరా కత్తెరతో వస్తానంది.

ఆర్డిస్


జేమ్స్‌టౌన్
నవంబర్ 24, ఎక్స్‌ప్రెస్ పోస్టు

అక్కా,

కత్తెర కింద పెట్టండి. ఇద్దరూ.

పొద్దున్న ఫోన్ చేశాను. బావ ఎత్తాడు. ఆయన గొంతు వినగానే పెట్టేశాను. ఏ మొహంతో మాట్లాడను? పన్నెండేళ్ళుగా నా మూలంగా తిట్లు తింటున్న మనిషి.

పలక నా దగ్గరుంది.

అమ్మ ఆఖరి ఏడాది ఇంట్లో ప్రతి వస్తువు కిందా కాగితపు టేపు అంటించి పేర్లు రాసిందిగా, తర్వాత మనం కొట్టుకోకుండా. గడియారం వెనక, వెన్న గిన్నె అడుగున, ఆఖరికి గుడ్లు గిలక్కొట్టేదానికి కూడా. బల్ల కింద నీ పేరుంది. అందరూ చూశారు. సమాధి పని అయిన మూడో రోజు మెట్ల కింద గూడు ఖాళీ చేస్తుంటే ఈ పలక దొరికింది, నీలం గళ్ళ బల్లగుడ్డలో చుట్టి ఉంది. తిరగేశాను. దాని అడుగున విడిగా ఒక టేపు, పెన్సిలుతో నా పేరు.

నాకెలా ఉండి ఉంటుందో ఆలోచించు. పెద్దదానికి బల్ల, నాకు చెక్క ముక్క. అమ్మ నన్ను అంతే అనుకుందన్నమాట అనిపించింది. నీకు చూపిస్తే జాలిపడతావు, జాలిపడి పలకతోబాటు నీ పేరున్న మంచం కూడా ఇస్తానంటావు. ఆ జాలి భరించలేక దాన్ని ట్రక్కు వెనకేసి, మీద దుప్పటి కప్పాను. డ్వేన్ చూశాడు. ఇంటికొచ్చాక రెండు స్టాండ్లు చేసిచ్చాడు. అప్పట్నించీ నేను కత్తిరించింది ప్రతిదీ ఆ చెక్క మీదే. నీ బిళ్ళలూ దాని మీద కత్తిరించినవే.

నువ్వు పలక పోయిందని, చోటు చాలక నిలబడి తిన్నానని రాసేదాకా నాకు బుర్రకి ఎక్కలేదు. మడత బల్ల దగ్గర కూర్చోబెట్టావని ఎనిమిదేళ్ళు నీ మీద పళ్ళు నూరాను. నా కుర్చీ పట్టే చోటుని కింది గదిలో పెట్టుకుని మరీ నూరాను. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు, రెండూ చేశాను.

ఆ నీలం గళ్ళు అమ్మ పలకకి చుట్టిన బల్లగుడ్డవి. నాలుగు జతలంటే రెండడుగులు, సరిగ్గా పలకంత. పలక వేస్తే అవి దాని మీదకొస్తాయి. పలక సంగతి ఎలా చెప్పాలో తెలియక అలా కుట్టాను. నీకు అర్థమవుతుందనుకున్నాను. నువ్వు కత్తెర తీశావు.

వెర్లా


వెస్ట్‌బీ
నవంబర్ 28

ఓసి దొంగమొహమా,

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టని సామెత. ఇక్కడ చంక నీది, వెతుకులాట నాది, తిట్లు మీ బావవి. నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. రెండోసారి చదవమన్నాడు. మూడోసారి కూడా. తర్వాత కుర్చీ వెనక్కి వాలి, "పన్నెండేళ్ళు," అన్నాడు. అంతే. మధ్యాహ్నం దాకా ఈల వేసుకుంటూ తిరిగాడు. ఫోన్ చేసి పెట్టేసింది నువ్వా? ఇన్సూరెన్సు వాడనుకుని బూతులు తిట్టాడట.

ఈ వయసులో టార్చి పట్టుకుని బల్ల కింద దూరాను. టేపు ఇంకా ఉంది, పసుపెక్కిపోయింది. నా పేరొక్కటే రాసింది. బల్ల ఒకళ్ళకి, దాని పలక ఇంకొకళ్ళకి ఇచ్చే మనిషి ఎక్కడైనా ఉంటుందా? ఎందుకిస్తున్నావో ఒక్క ముక్క రాయడానికి టేపు చాల్లేదా ఆవిడకి? బల్ల కిందే పడుకుని అమ్మని తిట్టాను. తిట్టి తిట్టి ఏడుపొచ్చింది. నీకు చెక్క ముక్క ఇచ్చిందని కదా నీ బాధ. నేను బల్ల కింద పడుకుని పైకి చూస్తే నాకేం కనబడిందో తెలుసా, వెర్లా? మధ్యలో సందు. పన్నెండేళ్ళుగా దాని మీద భోజనాలు పెడుతున్నాను, ఒక్క పండక్కీ అది సరిపోలేదు. పూర్తి బల్ల నాకూ ఇవ్వలేదు ఆవిడ.

థోరాని పంపించేశాను. కత్తెర తీసుకెళ్ళింది. కాస్త నిరాశపడ్డట్టుంది.

ఇప్పుడు విను. క్రిస్మస్‌కి రా. ఇది మొదటిసారి. నువ్వు వద్దంటావు. క్రిస్మస్‌కి రా, రెండోసారి. ఎందుకులే అంటావు. వెర్లా, పలక తీసుకుని క్రిస్మస్‌కి రా, అమ్మ బల్ల దగ్గర కూర్చుందువుగాని. ఇది మూడోసారి. చర్చి పెద్దలు కూడా తప్పు పట్టలేని విధంగా కాగితం మీద రాసిచ్చాను. ఇంక నోరు మూసుకుని బయల్దేరు.

ఆర్డిస్


జేమ్స్‌టౌన్
డిసెంబర్ 5

అక్కకి,

సరే.

ఇరవై మూడున వస్తాను. లూటెఫిస్క్ నాకు వడ్డించకు, ఆ చేప వాసన చావు వాసన. లెఫ్సా రొట్టెలు నేను తెస్తాను, నీవి మందంగా వస్తాయి. కుక్కని బయట కట్టెయ్యి.

బావకి నేనే చెప్పుకుంటాను, నువ్వు మధ్యలో దూరకు.

వెర్లా


వెస్ట్‌బీ
డిసెంబర్ 28

వెర్లాకి,

నిన్న పొద్దున లేచి కాఫీ పెట్టి నిన్ను పిలుద్దామని వెళ్తే మంచం సర్దేసి ఉంది. పోనీలే, మంచు ముదరకముందే బయల్దేరిందనుకున్నాను. భోజనాల గదిలోకి వచ్చి చూస్తే బల్ల అయిదడుగులే ఉంది. రన్నర్ మడిచి దాని మీద పెట్టి ఉంది. పలక లేదు. మీ బావని అడిగితే, నేనే ట్రక్కులోకి ఎక్కించానన్నాడు. ఎందుకెక్కించావయ్యా అంటే, ఆవిడ అడిగింది అన్నాడు. నాతో ఒక్క మాట చెప్పాలని మీ ఇద్దరికీ తోచలేదా?

ఏమిటమ్మా ఇది? అంతా ఎంత బాగా జరిగింది. పలక సందులోకి దిగినప్పుడు ఆ చప్పుడు విని మీ బావ చప్పట్లు కొట్టాడు. బల్లేమో ఎండకి వెలిసిపోయింది, పలకేమో నల్లగా నిగనిగలాడుతోంది, మీద నీ కత్తి గాట్లు, మధ్యలో వేసిన మాసికలా ఉంది. ఎవరూ పట్టించుకోలేదు. నీలం బిళ్ళలు దాని మీద కొలిచినట్టు కూర్చున్నాయి, నువ్వు దాని ముందు కూర్చున్నావు. నేను నీకెదురుగా. పన్నెండేళ్ళ తర్వాత పండగ రోజు కూర్చుని, వేడి వేడి గ్రేవీతో తిన్నాను. నువ్వు గమనించావో లేదో, రెండుసార్లు వడ్డించుకున్నాను.

అంతా అయ్యాక, ఆ పలక ఇక్కడే ఉంటుందనుకున్నాను. దాని చోటు ఇది కదా. అయిదు వందల మైళ్ళు మళ్ళీ దాన్ని మోసుకెళ్ళడమేమిటి? నా మీద ఇంకా కోపం పోలేదా? ఉంటే ఇప్పుడే చెప్పెయ్. ఇంకో ఎనిమిదేళ్ళు ఆగే ఓపిక నాకు లేదు, నాకు అరవై నాలుగొచ్చాయి.

ఆర్డిస్


జేమ్స్‌టౌన్
జనవరి 5, 1993

అక్కకి,

కోపం లేదు. భయం ఉంది.

పలక అక్కడే వదిలేస్తే నీకు అలవాటైపోతుంది. రోజూ ఏడడుగుల బల్ల. వచ్చే క్రిస్మస్‌కి నేను రాకపోయినా దాని చుట్టూ మనుషులు నిండిపోతారు, థోరా కూర్చుంటుంది, పాస్టరు భార్య కూర్చుంటుంది. నేనొక్కదాన్నీ లేనని ఎవరికీ తెలియదు. పలక నా దగ్గరుంటే మీకు తెలుస్తుంది. మధ్యలో సందు ఉంటుంది, రన్నర్ ఒళ్ళో పడుతుంది, నువ్వు విసుక్కుంటావు. నువ్వు విసుక్కుంటే నేను గుర్తున్నట్టు. సిగ్గు విడిచి రాస్తున్నాను, ఇంకెప్పుడూ రాయను.

అమ్మ ఇదంతా అనుకునే టేపు అంటించిందో, మతిమరుపులో అంటించిందో నాకు తెలియదు. దారంతా ఆలోచించాను, ఇల్లు దగ్గరపడి ఫార్గో ఊరు దాటాక వదిలేశాను. ఆవిడ బతికుండి అడిగినా చెప్పేది కాదు. కాఫీ పొయ్యనా అనేది.

పలక నాది, టేపు ఇంకా ఉంది, కావాలంటే వచ్చి చూసుకో. నేను తెచ్చినప్పుడు వేసుకుందాం, వెళ్ళేటప్పుడు తీసుకెళ్తాను. బావకి ఈ ఏర్పాటు నచ్చింది, నీకు చెప్పొద్దన్నాడు.

ఈస్టర్‌కి నువ్వు ఒక్కసారి పిలిస్తే చాలు, మొదటిసారికే సరేనంటాను. పసుపు గుడ్డ కొన్నాను, రెండుసార్లు ఉతికాను, నిన్నటి నుంచి పలక మీద బిళ్ళలు కత్తిరిస్తున్నాను. పదహారు జతలే. పన్నెండని ఉత్తరం రాయకు.

నీ చెల్లెలు
వెర్లా